సగం మనస్సాక్షి ఉన్న రోబో: కికైడర్ పాత సీరియల్ నుంచి కొత్త సినిమా దాకా

యూట్యూబ్‌లో 'కికైడర్' అని కొట్టి చూస్తే ఒంట్లో సగం నీలం, సగం ఎరుపు ఉన్న రోబో ఒకటి కనిపిస్తుంది. ఒక వీడియోలో అది యాభై ఏళ్ల నాటి రంగుల్లో, మోచేతుల దగ్గర ముడతలు పడే తొడుగుతో గుట్టల మీద గెంతుతుంటుంది. ఇంకో వీడియోలో అదే రోబో షోరూం నుంచి అప్పుడే బయటికి వచ్చిన కారులా మెరుస్తుంటుంది. మూడోది యానిమేషన్. పేర్లు మాత్రం అన్నింట్లోనూ అవే: జిరో, మిత్సుకో, మసారు, డాక్టర్ కోమ్యోజి.

2020 ఏప్రిల్‌లో జపాన్‌కు చెందిన టోయెయ్ సంస్థ తన పాత సీరియళ్లలో మొదటి రెండేసి ఎపిసోడ్లను ప్రపంచమంతటికీ ఉచితంగా యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టింది. అలా 1972 నాటి కికైడర్ సీరియల్ రుచి చూసినవాళ్లు అక్కడి నుంచి 2014లో వచ్చిన 'కికైడర్ రీబూట్' సినిమాకి వెళ్తారు. వెళ్లగానే తికమక మొదలవుతుంది. ఇది సీక్వెలా? పాత కథే మళ్లీ తీశారా? విలన్ పేరు ఎందుకు మారింది? మధ్యలో 1995లో వచ్చిన హకైడర్ సినిమా ఏంటి? ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు నాలుగైదు మాటలకు అర్థం తెలియాలి. ఆ తర్వాత ఒక చిన్న యంత్రం సంగతి తెలియాలి. ఆ యంత్రం జిరో గుండెలో ఉంటుంది, అదీ సగమే తయారై.

టొకుసాట్సు అంటే ఏంటి, అందులో రోబోలు ఎన్ని రకాలు

టొకుసాట్సు అనేది 'ప్రత్యేక ఛాయాగ్రహణం' అనే అర్థమున్న జపనీస్ మాటకు పొట్టి రూపం. మనం స్పెషల్ ఎఫెక్ట్స్ అంటామే, అదే. కాకపోతే జపాన్‌లో అది ఒక టెక్నిక్ పేరుగా మొదలై చివరికి ఒక జాతి సినిమాల పేరైపోయింది. 1954 నాటి గాడ్జిల్లా దీనికి పెద్దదిక్కు. మనిషి రబ్బరు తొడుగు వేసుకుని బొమ్మ ఊళ్ల మధ్య నడిచి, దాన్ని పెద్ద మృగంలా చూపించిన సినిమా అది. ఆ తొడుగులో ఉండేవాళ్లను సూట్ యాక్టర్లు అంటారు. ముఖం కనపడదు కాబట్టి కోపం, బాధ, అలసట అన్నీ మెడ వంపుతోనో భుజాల కదలికతోనో చెప్పాల్సిందే.

రెండో మాట హెన్షిన్. అంటే రూపం మార్చుకోవడం. మామూలు కుర్రాడు ఒక భంగిమ పట్టి, ఒక కేక వేసి, క్షణంలో హీరోగా మారతాడు. 1971 ఏప్రిల్‌లో మొదలైన కామెన్ రైడర్ సీరియల్ దీన్ని పిల్లల పిచ్చిగా మార్చింది. వీధి వీధినా పిల్లలు చేతులు తిప్పుతూ హెన్షిన్ అని అరిచిన కాలం అది. ఆ కథ సృష్టికర్త షోటారో ఇషినోమొరి, నిర్మాణం టోయెయ్. కికైడర్ కూడా వీళ్ల కలయికలో పుట్టిందే.

అసలు తికమక 'రోబో' అన్న మాట దగ్గర మొదలవుతుంది. ఎనభైల్లో దూరదర్శన్‌లో 'జెయింట్ రోబోట్' చూసిన తరం మన దగ్గర ఉంది. చేతి గడియారంలోకి మాట్లాడితే చాలు, ఒక కుర్రాడి కోసం పిరమిడ్ అంత యంత్రం ఎగురుకుంటూ వచ్చేది. అది 1967లో జపాన్‌లో మొదలైన సీరియల్. ఆ రోబో ఒక యంత్రం, దాన్ని నడిపించే బుద్ధి కుర్రాడిది. తర్వాతి తరం కేబుల్ టీవీలో పవర్ రేంజర్స్ చూసింది. అందులో హీరోలు మనుషులే, పోరాడేటప్పుడు సూట్ తొడుక్కుంటారు, రోబో వాళ్ల వాహనం. 1993లో వచ్చిన తొలి పవర్ రేంజర్స్‌లో పోరాట దృశ్యాలు చాలావరకు అంతకు ముందు ఏడాది జపాన్‌లో వచ్చిన జ్యూరేంజర్ సీరియల్ నుంచి తీసుకున్నవే. కామెన్ రైడర్ వీటన్నింటికీ భిన్నం. అతను పుట్టుకతో మనిషే. దుండగులు పట్టుకెళ్లి ఒళ్లు కోసి యంత్రాలు పెట్టారు. జపనీస్‌లో అలాంటివాణ్ణి 'మార్చి కట్టిన మనిషి' అంటారు, మనం సైబోర్గ్ అంటాం.

కికైడర్ సీరియల్ పూర్తి పేరులో ఉండే మాట వేరు. 'జింజో నింగెన్', అంటే మనిషి చేసిన మనిషి. జిరోకి తల్లి కడుపు లేదు, బాల్యం లేదు. వర్క్‌షాప్‌లో కళ్లు తెరిచాడు. మనిషిలా కనిపిస్తాడు, మనిషిలా మాట్లాడతాడు, గిటారు వాయిస్తాడు. అయినా లోపలంతా తీగలే. హీరో తన లోపలి మనిషిని కాపాడుకోవడం కామెన్ రైడర్ కథ. తన లోపల మనిషి ఉన్నాడో లేడో తెలియకపోవడం కికైడర్ కథ.

1972: శనివారం రాత్రి 8 గంటలకు

సీరియల్ 1972 జులై 8న ఎన్ఈటీ ఛానల్‌లో మొదలైంది. ఇప్పుడు దాన్నే టీవీ అసాహి అంటున్నారు. శనివారం రాత్రి 8 గంటల స్లాట్. అదే సమయానికి పక్క ఛానల్‌లో దేశమంతా కూర్చుని చూసే కామెడీ షో ఒకటి వచ్చేది. దాన్ని ఎదుర్కోవడానికి ఎన్ఈటీ 8 గంటలకు కికైడర్‌ని, 8.30కి డెవిల్‌మ్యాన్ యానిమేషన్‌ని వెంటవెంటనే పెట్టి, గంట సేపు రూపాలు మార్చే హీరోలతో నింపేసింది. 1973 మే 5 దాకా 43 ఎపిసోడ్లు నడిచింది. సంగీతం మిచియాకి వతనాబే. ఆ తర్వాత మజింగర్ జెడ్‌కి పాటలు కట్టింది కూడా ఆయనే.

కథ క్లుప్తంగా ఇదీ. డార్క్ అనే రహస్య సంస్థ ప్రొఫెసర్ గిల్ చేతిలో ఉంటుంది. వాళ్ల కోసం బలవంతంగా రోబోలు చేసే డాక్టర్ కోమ్యోజి, గిల్‌కి తెలియకుండా ఒక రోబోలో మంచీ చెడూ తెలిసేలా చేసే మనస్సాక్షి సర్క్యూట్ పెట్టడం మొదలుపెడతాడు. పని పూర్తి కాకముందే గొడవ జరిగి డాక్టర్ జ్ఞాపకం పోగొట్టుకుని ఎటో వెళ్లిపోతాడు. కూతురు మిత్సుకో, కొడుకు మసారు తండ్రి కోసం వెతుకుతుంటారు. వాళ్లకి కాపలాగా ఆ రోబోయే ఉంటాడు. మనిషి రూపంలో అతని పేరు జిరో, పోరాడేటప్పుడు కికైడర్‌గా మారతాడు. వాళ్ల వెంట హట్టోరి హంపెయ్ అనే డిటెక్టివ్. నింజా వంశం వాణ్ణని చెప్పుకునే ఈయన చిన్న సుబారు కారులో తిరుగుతూ నవ్విస్తుంటాడు.

ప్రతి వారం ఒక కొత్త రోబో మృగం. వాటి పేర్లలో ఒక రంగు, ఒక జంతువు ఉంటాయి. మొదటి ఎపిసోడ్‌లో వచ్చేది బూడిద రంగు ఖడ్గమృగం. తర్వాత ఆకుపచ్చ గొల్లభామ, నారింజ చీమ, అలా. పిల్లలు చిక్కుల్లో పడతారు. ఎక్కడి నుంచో గిటారు శబ్దం వినిపిస్తుంది. తలెత్తి చూస్తే గుట్ట మీదో కట్టడం పైనో ఎర్ర గిటారుతో జిరో. ఇది 43 వారాలూ దాదాపు ఇలాగే జరుగుతుంది. అయినా ఆ గిటారు మోగిన ప్రతిసారీ ఇంట్లో పిల్లలు లేచి నిలబడేవాళ్లంటే ఆశ్చర్యం లేదు. పాతాళభైరవి సినిమాలో ఆ దేవత ఎప్పుడు ప్రత్యక్షమవుతుందా అని ఎదురుచూసిన పిల్లల్ని చూసినవాళ్లకి ఆ సంబరం తెలుసు.

పిల్లనగ్రోవి వినిపిస్తే జిరోకి ఏమవుతుంది

ఇక అసలు సంగతి. డార్క్ రోబోలన్నీ గిల్ వాయించే పిల్లనగ్రోవికి లొంగుతాయి. జిరో కూడా వాళ్ల ఫ్యాక్టరీ బిడ్డే కాబట్టి ఆ శబ్దం అతని మీదా పనిచేస్తుంది. పోరాటం మధ్యలో సన్నగా ఆ రాగం వినిపించగానే జిరో రెండు చేతులతో తల పట్టుకుంటాడు. మోకాళ్ల మీద కూలబడతాడు. ఒళ్లు మెలికలు తిరుగుతుంది. రూపం మార్చుకోవడానికి రెండు భుజాల దగ్గరి మీటలు నొక్కాలి, ఆ చేతులు పైకి లేవవు. ఏదో ఒక పెద్ద చప్పుడు ఆ రాగాన్ని మింగేస్తే తప్ప బయటపడలేడు. ఆ ఒక్క క్షణం చాలు. "ఛేంజ్! స్విచ్ ఆన్! వన్, టూ, త్రీ!"

కృష్ణుడి వేణువుకి ఆవులూ గోపికలూ పరుగెత్తుకొచ్చిన కథల్లో పెరిగిన మనకి, పిల్లనగ్రోవి చెడువైపు లాగడం కొంచెం వింతగానే ఉంటుంది. కానీ పని అదే: మన ఇష్టంతో సంబంధం లేకుండా లాగడం.

దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. ఒకే ఆజ్ఞ: 'ఆ పిల్లాణ్ణి చంపు.' మూడు రోబోలకి ఇచ్చామనుకోండి. మొదటిదానికి మనస్సాక్షి సర్క్యూట్ లేదు. ఆజ్ఞ వినగానే చంపుతుంది. దాన్ని దుర్మార్గురాలు అని కూడా అనలేం, కత్తికి పాపం అంటదు కదా. రెండోదానికి సర్క్యూట్ పూర్తిగా ఉంది. అది చంపదు, చంపలేదు. దానికి నొప్పీ లేదు, ఎందుకంటే చంపాలనే కోరిక లోపలికి రానే రాదు. దాన్ని మంచిది అని పొగడటమూ కష్టమే. మూడోది జిరో. సర్క్యూట్ సగమే ఉంది కాబట్టి రెండు గొంతులూ వినిపిస్తాయి. చేయి లేస్తుంది, అదే చేయి వెనక్కి లాక్కుంటుంది. మంచి చేసిన ప్రతిసారీ అతను నొప్పి పడి చేస్తాడు.

అందుకే అతని ఒళ్లు రెండు రంగులు, అదీ సరిగ్గా సమానంగా కుదరని రెండు రంగులు. తలలో ఒక భాగం అద్దంలా ఉండి లోపలి యంత్రాలు కనిపిస్తుంటాయి. స్కూల్ సైన్స్ ల్యాబులో సగం చర్మంతో, సగం కండరాలతో నిలబడే బొమ్మ గుర్తొస్తుంది. సూపర్‌హీరో బొమ్మ అనగానే అందంగా, రెండు పక్కలా ఒకేలా ఉండాలి అనుకునే రోజుల్లో ఇషినోమొరి ఒక అసంపూర్ణమైన దేహాన్ని పిల్లల ముందు పెట్టాడు. నాకు దాని మీద ప్రేమ ఇక్కడే మొదలైంది.

ఇంకో మెలిక ఉంది. సర్క్యూట్ పూర్తి చేస్తానని మిత్సుకో అంటుంది. జిరో ఒప్పుకోడు. తనని తాను ఇంకొకరి చేతికిచ్చి సరిచేయించుకోవడం అతనికి ఇష్టం లేదు.

మన దగ్గర 2010లో వచ్చిన 'రోబో'లో చిట్టి కథ గుర్తుంటే ఇది తొందరగా అర్థమవుతుంది. అనుమతి ఇచ్చే కమిటీ ముందు, ఆజ్ఞ ఇవ్వగానే తనను చేసిన శాస్త్రవేత్త మీదికే చిట్టి కత్తి ఎత్తుతాడు. అది మన మొదటి రోబో. తర్వాత భావాలు నేర్పుతారు, ఆ తర్వాత విలన్ ఎర్ర చిప్ పెడతాడు. అక్కడ మంచీ చెడూ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. జిరోలో రెండూ ఒకే సమయంలో, ఒకే ఒంట్లో ఉంటాయి.

హకైడర్ వచ్చాక లెక్క ఎందుకు చిక్కుబడింది

సీరియల్ చివరి భాగంలో నల్లటి రోబో ఒకటి దిగుతుంది. పేరు హకైడర్, మనిషి రూపంలో సబురో. పుట్టిందే కికైడర్‌ని చంపడానికి. దాని తలలోని అద్దం వెనక ఒక నిజమైన మెదడు కనిపిస్తుంది. అది డాక్టర్ కోమ్యోజి మెదడు. జిరో దాన్ని కొట్టి పడేస్తే తనను చేసిన తండ్రిని చంపినట్టే. కొట్టకపోతే అది తనను చంపుతుంది.

ఇప్పుడు ఇందాకటి లెక్కలో దీన్ని ఎక్కడ పెడతాం? ఒళ్లు యంత్రం, మెదడు మనిషిది. సైబోర్గ్ అందామంటే ఆ మెదడులోని మనిషికి దాని పనుల మీద అధికారం లేదు. రోబో అందామంటే ఆ మెదడు లేకుండా అది నిలబడదు. మనిషి మెదడు ఉన్నదానికి మనస్సాక్షి లేదు, తీగలు మాత్రమే ఉన్నవాడికి సగమైనా ఉంది. 'మనసు ఎక్కడుంటుంది' అనే ప్రశ్నని పిల్లల సీరియల్ ఇంత సూటిగా అడిగింది. చివరికి హకైడర్ కికైడర్ చేతిలో చావదు. గిల్ పంపిన ఇంకో రోబో చేతిలో దెబ్బతిని, ఓడితే నీ చేతిలోనే ఓడాలనుకున్నానని శత్రువుకే చెప్పి పోతుంది. ఆ పాత్రకి ఎంత పేరు వచ్చిందంటే 1995లో కైతా అమెమియా దర్శకత్వంలో దాని పేరుతోనే ఒక సినిమా వచ్చింది. అందులో కథ, లోకం పూర్తిగా వేరు. కికైడర్ సీరియల్‌కి అది ముందుదీ కాదు, వెనకదీ కాదు. తికమకలో ఒక ముడి ఇక్కడ విడిపోతుంది.

రీమేక్, రీబూట్, వారసత్వం: ఒకే మాట కింద మూడు పనులు

తెలుగులో రీమేక్ అంటే మనకి వెంటనే తోచేది వేరే భాష సినిమాని మన నటులతో మళ్లీ తీయడం. జపాన్ టొకుసాట్సులో భాష మారదు, చాలాసార్లు కంపెనీ కూడా మారదు. మారేది కాలం. ముప్పై, నలభై ఏళ్ల తర్వాత అదే హీరోని మళ్లీ బయటికి తీస్తారు. ఎలా తీస్తారన్నదాన్ని బట్టి పేరు మారుతుంది.

పాత కథ నిజంగానే జరిగింది, ఇప్పుడు కొత్తవాడు వచ్చాడు అంటే అది వారసత్వం. 1982 నాటి స్పేస్ షెరిఫ్ గావన్‌కి 2012లో వచ్చిన సినిమా అలాంటిది. పాత గావన్ పాత్రలో అదే నటుడు కెంజి ఓబా కనిపిస్తాడు, పేరు మాత్రం కొత్త కుర్రాడికి దక్కుతుంది. పాత కథని గుర్తుపట్టేలా మళ్లీ చెబితే రీమేక్. పాతది ఏదీ జరగనట్టు, మొదటి రోజు నుంచి మళ్లీ మొదలుపెడితే రీబూట్. 2014 సినిమా పేరులోనే రీబూట్ ఉంది కాబట్టి సందేహం అక్కర్లేదు. 1972లో జరిగినదేదీ ఈ లోకంలో జరగలేదు. ఈ జిరో ఆ జిరో కాదు. 1973–74లో వచ్చిన 'కికైడర్ 01' మాత్రం అసలైన సీక్వెల్, అందులో జిరో అన్న ఇచిరో హీరో. 2000లో మొదలైన 13 ఎపిసోడ్ల యానిమేషన్ సీరియల్ టీవీ కథ కంటే ఇషినోమొరి సొంత మాంగాకే, అంటే ఆయన గీసిన బొమ్మల కథకే దగ్గర.

ఇక్కడే ఇంకో ముడి. కికైడర్‌కి 'మూలం' ఏది? ఇషినోమొరి మాంగా 1972లోనే పత్రికలో మొదలైంది, టీవీ సీరియల్‌తో దాదాపు చేయి పట్టుకుని నడిచింది. రెండూ మొదట్లో ఒకటే, పోనుపోను వేరైపోయాయి. కాబట్టి 'మూలానికి ద్రోహం చేశారు' అని ఎవరైనా అంటే, ఏ మూలానికి అని ముందు అడగాలి.

2014లో ఏం మార్చారు: 18 గంటలు రెండు గంటల్లోకి

2014 మే 24న విడుదలైన సినిమాకి దర్శకుడు తెన్ షిమోయామా. జిరోగా జింగి ఇరియె, మిత్సుకోగా ఐమి సత్సుకావా. టోయెయ్‌తో కడోకావా అనే ప్రచురణ సంస్థ చేతులు కలిపింది.

ముందు ఒక చిన్న లెక్క. సీరియల్ అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా ఒక్కో ఎపిసోడ్ 25 నిమిషాలు అనుకుందాం. 43 ఎపిసోడ్లకు 1075 నిమిషాలు, అంటే దాదాపు 18 గంటలు. సినిమా రెండు గంటల లోపే. తొమ్మిది పాళ్లలో ఎనిమిది పాళ్లు వదిలేయక తప్పదు. వారానికో జంతువు రోబో ఇక కుదరదు. అందుకే సినిమాలో జిరో ఎదురు నిలిచే రోబోలు ముఖ్యంగా ఇద్దరు: 'మరి' అనే పేరున్న ఆడ రోబో, చివర్లో హకైడర్.

రెండో మార్పు విలన్‌ది. డార్క్ అనే రహస్య ముఠా స్థానంలో ఆర్క్ అనే ప్రభుత్వ ప్రాజెక్టు వచ్చింది. పేరులో ఒక్క అక్షరం తీసేస్తే చీకటి కాస్తా ఓడ అయింది. మనుషుల్ని గట్టెక్కించే ఓడ అని చెప్పుకుంటూ రోబోలు తయారుచేసే పథకం అది. కోమ్యోజి అందులో శాస్త్రవేత్త, ప్రమాదంలో చనిపోయాడు. అతని పరిశోధన రహస్యం కొడుకు మసారు దగ్గర ఉందని తెలిసి మనుషులు వెంటపడతారు. ప్రొఫెసర్ గిల్ పాత్ర గిల్బర్ట్ కన్జాకి అనే శాస్త్రవేత్తగా మారింది. 1972 నాటి పిల్లలకి దుర్మార్గుడంటే గుహలో నల్ల దుస్తుల్లో ఉండేవాడు. 2014 నాటి పెద్దలకి అతను కాన్ఫరెన్స్ గదిలో ఉంటాడు. ఇది తెలివైన మార్పనే అనుకుంటాను.

మూడోది మెదడు. సీరియల్‌లో హకైడర్ తలలో ఉన్నది కోమ్యోజి మెదడు. సినిమాలో కన్జాకి తన మెదడునే పెట్టించుకుంటాడు. ఇది కొత్తగా కల్పించింది కాదు, గిల్ మెదడు ఉన్న హకైడర్ మాంగాలో, 'కికైడర్ 01'లో ముందే ఉన్నాడు. కానీ దాంతో లెక్క తేలికైపోయింది. తండ్రిని చంపాలా వద్దా అన్న సంకటం పోయి, ఇద్దరు శాస్త్రవేత్తల పంతం మిగిలింది.

మనస్సాక్షి సర్క్యూట్ మాత్రం పోలేదు. సినిమా ప్రశ్నంతా దాని చుట్టూనే తిరుగుతుంది. 1972లో జిరోగా నటించిన బాన్ దైసుకే మానసిక శాస్త్రవేత్తగా ఒక చిన్న పాత్రలో కనిపిస్తాడు. హారర్ సినిమాలు చూసేవాళ్లకి ఆయన 1998 నాటి 'రింగు'లో సదాకో తండ్రిగా కూడా గుర్తుండొచ్చు.

ఇంకో దారి: హీరోకి వయసు తెచ్చిన జబోర్గర్

అన్ని రీమేకులూ ఇలా గంభీరంగా ఉండవని చెప్పడానికి ఒక పోలిక చాలు. 1974–75లో 52 ఎపిసోడ్లు నడిచిన 'డెంజిన్ జబోర్గర్'లో రోబో మడుచుకుని మోటార్‌సైకిల్ అవుతుంది. దాని యజమాని దైమోన్ యుతకా రహస్య పోలీసు. 2011లో నొబోరు ఇగుచి దాన్ని సినిమాగా తీశాడు. పాత సీరియల్ లోని అతిని దాచకుండా, నవ్విస్తూనే ప్రేమగా మళ్లీ తీశాడు. సగం సినిమా అయ్యేసరికి కథ పాతికేళ్లు ముందుకి దూకుతుంది. దైమోన్ ఇప్పుడు నడివయసు మనిషి, షుగర్ వ్యాధి ఉంది, ఒకప్పటి ఊపు లేదు. ఆ సీరియల్ చూసిన పిల్లలు కూడా ఈపాటికి ఆ వయసులోనే ఉంటారు కదా. కికైడర్ సినిమా కాలాన్ని మొదటికి తిప్పింది, జబోర్గర్ సినిమా కాలం గడిచిపోయిందని ఒప్పుకుంది.

అభిమానులు రెండుగా ఎందుకు చీలతారు

ఒక వర్గం మాట ఇది: ఇషినోమొరి కథలో మొదటి నుంచీ విషాదం ఉంది, పిల్లల స్లాట్ వల్ల సగం దాచాల్సి వచ్చింది, సినిమా దాన్ని బయటికి తెచ్చింది. ఇందులో నిజం ఉంది. వారం వారం ఖడ్గమృగాలు, చీమలు లేకపోతే జిరో ఒంటరితనం బాగా కనిపిస్తుంది.

ఇంకో వర్గం అడిగేది: అయితే పిల్లలెక్కడ? వీళ్ల బలం తెలియాలంటే హవాయి సంగతి చెప్పాలి. 1974లో అక్కడి కికు అనే టీవీ ఛానల్ ఈ సీరియల్‌ని జపనీస్ మాటలతో, కింద ఇంగ్లిష్ అక్షరాలతో వేసింది. అది దీవులన్నింటినీ ఊపేసింది. ఇళ్లల్లో తాతముత్తాతల భాషగా మాత్రమే ఉన్న జపనీస్, ఒక్కసారిగా హీరో మాట్లాడే భాష అయింది. 2002 ఏప్రిల్ 12ని 'జనరేషన్ కికైడా దినం'గా అప్పటి గవర్నర్ బెన్ కయెటానో ప్రకటించాడు. ఆ మనుషులకి కికైడర్ అంటే ఒక తాత్విక ప్రశ్న కాదు. నేల మీద కూర్చుని, తమ్ముడితో కలిసి భుజాలు తట్టుకుని అరిచిన ఒక సాయంత్రం. వాళ్ల పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసే సినిమా కావాలనుకోవడం తప్పు కాదు.

రెండు వాదనలూ విన్నాక నాకు తోచేది వేరే చోట ఉంది. సినిమా తప్పు గంభీరంగా ఉండటం కాదు, పొట్టిగా ఉండటం. పిల్లనగ్రోవి ఒకసారి వినిపిస్తే అది జిరోకున్న ఒక బలహీనత. నలభై వారాల పాటు, ప్రతి శనివారం, ఈసారైనా తట్టుకుంటాడా అని చూస్తే అది అతని బతుకు. వాడు ప్రతిసారీ కూలబడతాడు, ప్రతిసారీ లేస్తాడు, వచ్చే వారానికి ఏమీ బాగుపడడు. సగం మనస్సాక్షితో బతకడమంటే ఏంటో ఆ విసుగు పుట్టించే పునరావృతమే చెప్పింది. సినిమా దాన్ని కొన్ని సన్నివేశాల్లో, ఎక్కువగా మాటల్లో చెప్పాల్సి వచ్చింది. అందుకే సర్క్యూట్ గురించి సినిమాలో ఎక్కువ చర్చ ఉంది, సీరియల్‌లో ఎక్కువ నొప్పి ఉంది.

మాంగా చివర ఏం జరిగింది

రెండు తెర రూపాలూ ఒక మెట్టు ముందే ఆగాయి. మాంగా ముగింపు తెలియకూడదనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు.

ఇషినోమొరి తన మాంగాని పినోకియో కథతో కలిపి అల్లాడు. కొయ్యబొమ్మకి తప్పొప్పులు చెప్పడానికి ఒక కీచురాయి తోడుంటుంది కదా, జిరో సర్క్యూట్‌కి మాంగాలో ఆ కీచురాయి పేరే పెట్టాడు. చివర్లో గిల్ హకైడర్ జిరోని, అతని తోటి రోబోల్ని పట్టుకుని, అందరిలో లోబడే సర్క్యూట్ పెడతాడు. తోటివాళ్లు పూర్తిగా లొంగిపోతారు. జిరోలో మాత్రం సగం మనస్సాక్షి ముందే ఉంది. రెండు సర్క్యూట్లూ ఒకదాన్నొకటి ఒరుసుకుని కొత్తది ఏదో పుడుతుంది. ఇప్పుడు జిరో లొంగినట్టు నటించగలడు. అబద్ధమాడగలడు. ఆ తోటి రోబోల్ని చంపగలడు, చంపుతాడు కూడా. గిల్‌నీ చంపుతాడు. మంచీ చెడూ రెండూ పూర్తిగా చేతికొచ్చాయి కాబట్టి తానిప్పుడు మనుషుల్లాంటివాణ్ణే అయ్యానని అతనికి తెలుస్తుంది.

ఇందాకటి మూడు రోబోల పక్కన ఇది నాలుగోది. దీనికి ఆజ్ఞ ఇస్తే ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు.

జిరో ఒంటరిగా నడిచి వెళ్లిపోతాడు. మనిషి అయిపోయాక పినోకియో సుఖంగా ఉన్నాడా అని పాఠకుణ్ణి అడిగి కథ ఆగుతుంది. ఇషినోమొరి 1998లో చనిపోయాడు, ఆ ప్రశ్నని అలాగే వదిలి.